అయిదో మొక్క

మా అత్తగారి కంటబడి బతికి బట్టకట్టిన కేళీ మొక్క ఇంతవరకూ లేదు. కేళీ అంటే ఏమిటో తెలియనివారికి చెబుతాను. విత్తనం కోసం ఒక రకం వరి నాటిన మడిలో ఎక్కడినుంచో ఇంకో రకం మొక్క జొరబడి, నేనూ మీవాడినే అన్నట్టు నిలబడుతుంది. దాన్ని కేళీ అంటారు. వేళ్లతో సహా పీకకపోతే ఆ మడి విత్తనానికి పనికిరాదు. మామూలు మనిషి కంటికి అది ఆనదు. నాకైతే చేతిలో పెట్టి చూపించినా ఆనదు. అత్తగారు మాత్రం గట్టుమీద నడుస్తూ, పక్కావిడతో ఎవరి కోడలి గురించో మాట్లాడుతూ, నడుమ మడిలోకి దిగి, ఎనిమిదో వరసలో వంగి ఒక మొక్క పీకి, మళ్లీ గట్టెక్కి, కోడలి సంగతి ఆగినచోటునుంచే అందుకుంటారు.

మా విత్తన పరిశోధన క్షేత్రంలో ఇరవై రెండేళ్లుగా ఆవిడ పదకొండుమంది ఆడకూలీలకు మేస్త్రి. అందరూ ఆవిడను భూతద్దం అంటారు, ఆవిడ ఎదుట తప్ప. ఆవిడకు ముందున్న మేస్త్రి ఒకే ఒక్క కేళీని వదిలేస్తే, కళ్లు పోయాయని మర్నాటినుంచి రావద్దన్నారు. అత్తగారు ఆ సంగతి ఎప్పుడూ మరిచిపోలేదు.

నేను అక్కడే ఫీల్డు అసిస్టెంటును. రిజిస్టరు రాయడం, పై అధికారులకు గొడుగు పట్టడం, తిట్లు తినడం నా పని. మూడోది ఉద్యోగ ఉత్తర్వులో లేదుగానీ ఈ పద్నాలుగేళ్లలో ఎక్కువ కాలం దానికే పట్టింది. పంపు చెడితే నన్ను తిడతారు. వాన పడకపోతే నన్ను తిడతారు. నా మొహం అలాంటిది. గదిలో ఆరుగురున్నా తిట్టడానికి వచ్చినవాడు వెతుక్కోకుండా తిన్నగా నా బల్ల దగ్గరికే వస్తాడు. ఆ కాసేపూ మిగతా అయిదుగురు శ్రద్ధగా ఫైళ్లు చూసుకుంటారు.

ఇంటికి వెళితే పరిస్థితి మారుతుందా అంటే, నేను ఇల్లరికపు అల్లుణ్ణి. పెళ్లినాడు అత్తగారు నన్ను ఎగాదిగా చూసిన చూపు నాకింకా గుర్తుంది. తర్వాత ఉద్యోగంలో చేరాక ఆ చూపు మళ్లీ చూశాను, ఆవిడ ఎనిమిదో వరసలోకి దిగబోయే ముందు.

ఇక మా పెద్దసారు. క్షేత్రానికి అధిపతి. ఆయన జేబులో పెన్ను ఉన్నా లేకపోయినా ఒక స్టీలు స్కేలు మాత్రం ఉండి తీరుతుంది. ఆయన గదిలో పెన్సిళ్లన్నీ ఒకే పొడవు. ఒకటి అరిగితే మిగతావన్నీ దానితో సమానంగా చెక్కడం అటెండరు పని. ఒకసారి ఆఫీసు ముందున్న పదహారు పూలకుండీల్లో మొక్కలు సమానంగా లేవని ఎత్తయినవాటి తలలు కత్తిరించమన్నారు. ఆ ఏడాది ఒక్క కుండీలోనూ పువ్వు రాలేదు. ఎత్తు మాత్రం స్కేలుతో కొలిచినట్టు కుదిరింది. ఆయన రోజూ పొద్దున వాటిముందు ఒక నిమిషం ఆగి తృప్తిగా చూసి లోపలికి వెళ్లేవారు.

పెద్దసారు పదకొండేళ్ల కిందట ఒక వరి రకం తీశారు. పేరు అభేద్య. దానికి ఉల్లికోడు రాదు. ఉల్లికోడంటే దోమంత ఈగ తెచ్చే చీడ. దాని పిల్లపురుగు వరి పిలకలోకి దూరితే ఆ పిలక వెన్ను తీయకుండా ఉల్లికాడలా బోలుగా, తెల్లగా పైకి లేస్తుంది. అభేద్యలోకి దూరిన పురుగు చస్తుంది. ఈ రకం వచ్చాక చుట్టుపక్కల రైతులు వేరే వరి నాటడం మానేశారు. చూసినంతమేర ఒకే వరి, ఒకే ఎత్తు. పెద్దసారు జీపు ఆపించి మరీ చూసేవారు.

ఏడో ఏడు దాటాక ఉత్తరాలు మొదలయ్యాయి. అభేద్యలోనూ ఉల్లికాడలు లేస్తున్నాయని. పెద్దసారు కంగారుపడలేదు. "మీ విత్తనంలో కల్తీ జరిగినందున" అని మొదలయ్యే జవాబు వెయ్యి కార్డులమీద అచ్చు వేయించారు. పేరు, ఊరు నింపి పంపడం నా పని. వెయ్యీ అయిపోతే ఇంకో రెండు వేలు వేయించారు.

ఆ రోజుల్లోనే పురుగుల మేడమ్ వచ్చింది. ముప్పై దాటని పిల్ల, మూడేళ్ల ఒప్పందం మీద. పేరుకు పురుగుల శాస్త్రవేత్త అయినా మా ఆఫీసులో ఆమెకు బల్ల దొరకడానికే నాలుగు నెలలు పట్టింది. పంపు షెడ్డు వెనక ఎవరికీ అక్కరలేని రెండు చిన్న మళ్లు అడిగితే ఇచ్చారు. ఆ ఫైలు పేరు రెండున్నర లైన్లు ఉండబట్టి పెద్దసారు చదవకుండా సంతకం పెట్టారు. చదివి ఉంటే ఆయనకు ఆ రోజే రక్తపోటు వచ్చేది. ఒక మడిలో అచ్చంగా అభేద్య. రెండో మడిలో నాలుగు పాళ్లు అభేద్య, ఒక పాలు ఉల్లికోడు ఇష్టంగా తినే పాతకాలపు మెతక రకం. రెండూ కలిపేసిన విత్తనం. రెండు మళ్లమీదా వేర్వేరు వల గుడారాలు. ఊళ్లనుంచి పట్టుకొచ్చిన ఈగలను రెండింట్లోనూ సమానంగా వదిలి, ఏ మడి ఈగల సంతానాన్ని ఆ మడిలోనే పైరు తర్వాత పైరుకు పెంచడం. ఏడాదికి రెండు పైర్లు, మూడేళ్లకు ఆరు.

మొదటి పైరు నాటిన నెలకు ఒక పొద్దున మేడమ్ వచ్చేసరికి అత్తగారు రెండో మడిలో మోకాళ్లదాకా బురదలో ఉన్నారు. గట్టుమీద ముప్పై మొక్కలు వేళ్లతో సహా పడి ఉన్నాయి.

"ఇన్ని కేళీలు నా జన్మలో చూడలేదమ్మాయ్. నీకు విత్తనం ఇచ్చినవాడెవడో గానీ నిలువునా ముంచాడు" అన్నారు అత్తగారు.

"అయ్యో పెద్దమ్మా, అవి కేళీలు కావు. నేనే కలిపి నాటించాను."

బియ్యంలో రాళ్లు నేనే ఏరి కలిపానని ఎవరైనా అంటే ఎలా చూస్తారో అత్తగారు అలా చూశారు.

"కావాలని కలిపావా? చదువుకున్న పిల్లవి, ఎందుకు తల్లీ?"

మేడమ్ గట్టుమీద కూర్చుంది. "మడి నిండా అభేద్యే ఉందనుకో. ఈగల పిల్లలన్నీ చస్తాయి. కానీ లక్షలో ఒకటి మొండిది ఉంటుంది. దానికి అభేద్య కూడా అరుగుతుంది. చావగా మిగిలేవి ఆ మొండివే. వాటికి జత కావాలంటే దొరికేది ఇంకో మొండిదే. పుట్టేవన్నీ మొండివే. కొన్నాళ్లకి మడి నిండా అవే ఉంటాయి."

"మరి ఈ మెతక మొక్కలెందుకు?"

"వీటిమీద మామూలు ఈగలు బోలెడు బతుకుతాయి. అప్పుడు మొండిదానికి జత మామూలుదే దొరుకుతుంది. వాటికి పుట్టిన పిల్లలు అభేద్యను అరిగించుకోలేవు. అయిదింట ఒక మొక్క పోతుంది, నిజమే. మిగతా నాలుగూ చాలా ఏళ్లు నిలబడతాయి."

అత్తగారు చేతి బురద కడుక్కుంటూ చాలాసేపు ఆలోచించారు.

"అంటే సంబంధాల సంగతన్నమాట" అన్నారు చివరికి. తర్వాత తల తిప్పి, గొడుగు పట్టుకుని నిలబడ్డ నన్ను చూశారు. "మొండిదానికి మెతకవాణ్ణి కట్టబెడితే పుట్టేవాళ్లు మెతకవుతారు. ఈ ముక్క నాకు ముందే చెబితే నీకింత శ్రమ ఉండేది కాదు. మా ఇంట్లో జరిగిందదే. నా కూతురు నిప్పు. ఈయన్ని చేసుకుంది. పుట్టిన ఇద్దరూ ఎవరేమన్నా తలాడిస్తారు."

మేడమ్ నవ్వు ఆపుకోవడానికి నోటు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. పదకొండుమంది ఆడవాళ్లు ఏ అడ్డమూ పెట్టుకోలేదు.

ఆ రోజునుంచి అత్తగారు ఆ మడిలో చెయ్యి పెట్టలేదు. అది ఆవిడకు ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ గట్టుమీద నడిచేటప్పుడు చేతులు రెండూ వెనక కట్టుకుని, మొహం అటు తిప్పుకుని నడిచేవారు.

ఆరో పైరుకు వచ్చేసరికి ఫలితం గుడ్డివాడికి కూడా కనబడేలా ఉంది, అంటే నాకు కూడా. అచ్చం అభేద్య నాటిన మడిలో ఏ దుబ్బు చూసినా తెల్లటి ఉల్లికాడలే. కలిపి నాటిన మడిలో అయిదింట ఒక దుబ్బుకే ఉన్నాయి, మిగతా నాలుగూ నిగనిగలాడుతున్నాయి. ఇక లెక్క తీయడం ఒక్కటే మిగిలింది. అది ప్రధాన కార్యాలయపు కమిటీ ఎదుట తీయాలి. ఆ కమిటీ రెండుసార్లు వస్తామని రాలేదు. మేడమ్ ఒప్పందం నెలాఖరుకు అయిపోతుంది. అందుకని వాళ్లను వెంటబెట్టుకుని తీసుకొద్దామని తనే బయలుదేరి వెళ్లింది.

ఆమె వెళ్లిన మర్నాడే పెద్దసారు, కమిటీ వస్తోంది కదా అని, మూడేళ్లలో మొదటిసారి పంపు షెడ్డు వెనక్కి వచ్చారు. నేను గొడుగు పట్టాను. ఆయన మొదటి మడి చూశారు. తన పేరు మోసిన అభేద్య నిండా ఉల్లికాడలు. రెండో మడి చూశారు. స్కేలు జేబులోంచి బయటికి వచ్చి లోపలికి వెళ్లింది.

"చూశావా," అన్నారు, "ఆ మడిలో మెతక మొక్కల రోగం మన అభేద్యకు అంటుకుంది."

నడుమ పది గజాల దూరం, రెండు వలలు ఉన్నాయని చెబుదామనుకున్నాను. "అవును సార్" అన్నాను.

"రేపు ఆ మెతకవన్నీ పీకించు. ఒక్కటి మిగిలినా మేస్త్రిని సోమవారంనుంచి రావద్దని చెప్పు. పీకాక ఈ రెండు బోర్డులూ అటుదిటు మార్చు."

రెండు మళ్లముందూ రేకు బోర్డులున్నాయి. ఒకదానిమీద శుద్ధ విత్తనం అని, ఇంకోదానిమీద కలగలుపు అని.

"సార్, మార్చితే..."

"అబద్ధం కాదయ్యా. మెతకవి పీకేశాక అక్కడ మిగిలేది అభేద్యే కదా. అంటే అది శుద్ధం. ఈ మడిలో రోగం కలిసింది. అంటే ఇది కలగలుపు. బోర్డు ఎప్పుడూ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి."

ఆయనకు ఆ క్షణాన ఆ మాటలు పూర్తిగా నిజమనిపించాయి. అది ఆయన మొహంలో కనబడింది. అబద్ధమాడేవాడితో వాదించవచ్చు. అలాంటి మొహంతో ఏం వాదిస్తాం.

నేను మేడమ్‌కు ఫోన్ చేశాను. 

"అన్నయ్యా, లెక్క తీయకముందు ఒక్క మొక్క కదిలినా మూడేళ్ల పని గంగపాలే. ఈ లెక్క చూపించకపోతే నా ఒప్పందం పొడిగించరు. అదలా ఉంచండి, ఊళ్లలో వాళ్లకి మీరు ఆ కార్డులే రాస్తూ కూర్చోవాలి. రెండు రోజులు ఆపండి, ఎలాగైనా."

"నేను చూసుకుంటానమ్మా" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు నాకే గంభీరంగా వినిపించింది. అదే ఊపులో పెద్దసారు గదిలోకి వెళ్లాను. బయటికి వచ్చేసరికి నా చేతిలో బోర్డులు మార్చడానికి సుత్తి, గుప్పెడు మేకులు ఉన్నాయి.

సాయంత్రం ఇంట్లో విషయం చెప్పాను. నా భార్య కూరగాయలు తరుగుతోంది. అత్తగారు వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నారు.

"వెళ్లి గట్టిగా మాట్లాడకపోయారా?" అంది నా భార్య.

"మాట్లాడాను."

"ఏమని?"

"సరేనని."

కత్తి పలకమీద ఠపాఠపా మోగడం మొదలైంది. ఆ తర్వాత ఆమె అన్నవన్నీ ఇక్కడ రాయను. నాకు కొత్తవేమీ కావు. అత్తగారు మాత్రం కాళ్లు తుడుచుకుని, "ఒక్కటి మిగిలినా సోమవారంనుంచి రావద్దన్నారా?" అని అడిగారు. అన్నారని చెప్పాను. "సరే" అని లోపలికి వెళ్లారు. ఆవిడ కూడా సరే అన్నారు కదా అని నాకు కొంచెం ఊరటగా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గు కూడా వేసింది.

మర్నాడు పొద్దున పన్నెండుమంది వలకింద దూరి రెండో మడిలోకి దిగారు. నేను చూడలేక పంపు షెడ్డు గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. గంపలు వస్తున్నాయి, గట్టుమీద బోర్లిస్తున్నారు, వెళుతున్నాయి. పదకొండు గంటలకు కుప్ప నా నడుము ఎత్తు పెరిగింది. పచ్చగా, వేళ్ల బురదతో. అందులో మేడమ్ మూడేళ్లున్నాయి. వాటిని ఎత్తుకెళ్లి ఎక్కడైనా మళ్లీ నాటుదామా అనే పిచ్చి ఆలోచన కూడా వచ్చింది. నాటినా ఏది ఎక్కడిదో నాకు తెలియదు.

సాయంత్రం పెద్దసారు వచ్చారు. కుప్ప చూశారు. మడి చూశారు. ఒక్క ఉల్లికాడ లేదు, అంతా పచ్చటి దుప్పటి పరిచినట్టుంది. తర్వాత నా మొహం చూశారు. నేను ఏడవలేదుగానీ ఏడ్చినట్టే ఉండి ఉంటాను. అది చూశాక ఆయనకు పని పూర్తయిందని నమ్మకం కుదిరింది.

"పొలమంటే ఇలా ఉండాలి" అన్నారు. నేను బోర్డులు మార్చాను. ఒక మేకు వంకర పోయిందని తిట్టారు.

ఆ మర్నాడు కమిటీ వచ్చింది. ముగ్గురు. ఇద్దరు బిస్కట్ల దగ్గర ఆగిపోయారు. మూడో ఆయన కమిటీ పెద్ద, పంట్లాం మడిచి చెప్పులు చేత్తో పట్టుకుని నడిచే ముసలాయన. తక్కువ మాట్లాడతారు. వెనకే మేడమ్. ఆమె ముందు కుప్పను చూసింది, తర్వాత బోర్డులను, చివరికి నన్ను.

"చూసుకుంటానన్నారు కదా అన్నయ్యా" అంది మెల్లగా.

ఇన్నేళ్లలో నన్ను ఎంతోమంది ఎన్నో అన్నారు. ఏదీ మనసులోకి పోలేదు. ఈ మాట మాత్రం పోయింది.

పెద్దసారు మొదలుపెట్టారు. శుద్ధ విత్తనం మడి ఆరోగ్యం చూడమన్నారు. కలిపితే ఏమవుతుందో పక్క మడి చూడమన్నారు. కలగలుపు అనేది సోమరిపోతుల సిద్ధాంతమన్నారు. కమిటీ పెద్ద రాసుకుంటున్నారు. మేడమ్ నోరు తెరిచేలోగా పెద్దసారు చెయ్యెత్తి, "నా మాట వద్దు. మా మేస్త్రిని అడగండి. ఇరవై రెండేళ్లలో ఈమె కన్ను ఒక్క కేళీని వదల్లేదు" అని అత్తగారిని ముందుకు పిలిచారు. పిలవకముందే ఆగి ఉంటే ఆయన గెలిచేవారు.

కమిటీ పెద్ద శుద్ధ విత్తనం బోర్డున్న మడివైపు చూపించి, "ఏమ్మా, ఇందులో కేళీలేమైనా ఉన్నాయా?" అని అడిగారు.

అత్తగారు చీర కుచ్చిళ్లు సర్దుకున్నారు. "ఉన్నాయండి" అన్నారు.

"ఎన్ని?"

"నాలుగు వందల డెబ్బై మూడు."

గట్టుమీద కూర్చున్న ఆడవాళ్లలో ఒకరు దగ్గారు. పెద్దసారు నవ్వారు. "వయసైపోయింది పాపం. మరి ఆ కుప్ప ఏమిటి? నిన్న నేను నా కళ్లతో చూశాను."

"అది ఊదండి. చీకటితోనే పక్క మళ్లల్లో పీకించి వలకిందికి చేర్చాం."

ఊద అంటే వరిలో కలిసి పెరిగే గడ్డి. లేతగా ఉన్నప్పుడు అచ్చం వరిలాగే ఉంటుంది. కూలికి వచ్చిన మొదటి వారంలో ఎవరైనా పొరబడతారు, రెండో వారంలో పొరబడరు. కమిటీ పెద్ద కుప్పలోంచి ఒక మొక్క లాగి, ఆకు కాడను అంటుకునే చోట గోరుతో విప్పి చూసి, పారేసి, ఇంకోటి లాగారు. అలా ఆరు చూశారు.

"ఊదే" అన్నారు.

పెద్దసారు స్కేలు తీశారు. దానితో ఏం చేయాలో తెలియక పట్టుకుని నిలబడ్డారు.

అత్తగారు మడిలోకి దిగారు. వరస వెంట నడుస్తూ, ఇదీ, ఇదీ, అదిగో అదీ, అని ముట్టుకుంటూ పోయారు. కమిటీ పెద్ద వెనకే దిగి, ఆవిడ ముట్టిన ప్రతి దుబ్బూ విడదీసి చూశారు. అభేద్యకు కాడ మొదట్లో వంకాయ రంగు జీర ఉంటుంది, మెతకదానికి ఉండదు. ఆవిడ ముట్టినవాటిలో ఒక్కదానికీ జీర లేదు. పైగా వాటికి మాత్రమే పిలకలు తుంచిన గుర్తులున్నాయి. పన్నెండుమంది రోజంతా వంగి తుంచినవి ఉల్లికాడలు మాత్రమే. మొక్క ఒక్కటి కూడా కదల్లేదు.

"తుంచినవి పారేశారా?" అంది మేడమ్.

అత్తగారు పంపు షెడ్డులోంచి తడి గోనెపట్టా తెప్పించారు. లోపల నలభై కట్టలు. నలభై వరసలకు నలభై, ఏ వరసవి ఆ వరసకు నారతో కట్టి, ఎన్నో వరసో తెలిసేలా పుల్లలమీద ముడులు వేసి. మేడమ్ బురదలోనే మోకాళ్లమీద కూర్చుని కట్టలు విప్పడం మొదలుపెట్టింది. ఆమె చెంపలు తడిగా ఉన్నాయి. తుడుచుకోకుండానే లెక్క రాసుకుంటోంది.

"ఇక ఆ మడిలో" అని అత్తగారు ఉల్లికాడలు నిండిన మడి చూపించారు, "ఒక్క కేళీ లేదండి. మొదటి పైరునుంచీ చూస్తున్నాను. అది అచ్చంగా అభేద్యే."

కమిటీ పెద్ద బోర్డులు చూశారు. బోర్డు చుట్టూ కొత్తగా కొట్టిన మేకులు చూశారు. వంకరది కూడా చూశారు. అప్పుడు పెద్దసారుకు మాట వచ్చింది.

"నేను పీకమన్నాను. పీకొద్దని ఎవరు చెప్పారు నీకు? నా ఉత్తర్వు కాదని నాలుగు వందల కేళీలు వదలమని ఎవరన్నారు?"

అత్తగారు తల దించుకున్నారు. ఆవిడ తల దించుకోగా నేను చూడటం అదే మొదలు. ఎవరూ చెప్పలేదు అంటే సోమవారంనుంచి పని లేదు, ఇంకెవరి పేరైనా చెప్పడం ఆవిడకు చేతకాదు. గట్టుమీద ఉన్న మా ఆఫీసు అయిదుగురూ, చూసుకోవడానికి ఫైళ్లు లేక, మబ్బులు చూస్తున్నారు.

"నేనే సార్" అన్నాను.

ఎందుకన్నానో చెప్పలేను. అలవాటయి ఉంటుంది. తిట్టు గాలిలోకి లేస్తే అది ఎక్కడ వాలుతుందో తెలిసిన మనిషిని. "పీకొద్దని నేనే చెప్పాను. బోర్డులు కూడా నేనే తప్పుగా కొట్టాను."

పెద్దసారు మొహంలో రంగు తిరిగి వచ్చింది. ఆయన నావైపు దాదాపు ప్రేమగా చూసి, ఆ తర్వాత పావుగంట ఊపిరి తీసుకోకుండా తిట్టారు. కమిటీ పెద్ద మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. సుత్తి పట్టే మొహమూ సొంతంగా ఉత్తర్వులిచ్చే మొహమూ ఒకటి కావని ఆయనకు తెలియకపోదు. కానీ ఆయన చూడ్డానికి వచ్చింది మళ్లను. చెప్పులు కడుక్కుని, మేడమ్ లెక్కమీద సంతకం పెట్టి వెళ్లిపోయారు.

ఆ తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. మేడమ్‌కు ఇంకో మూడేళ్లు పొడిగించారు. కమిటీ కలగలుపు విత్తనాన్ని సిఫారసు చేసింది. ఆరు నెలలు తిరక్కుండా పెద్దసారు దానికి సమరూప కలగలుపు పద్ధతి అని పేరు పెట్టి, పైన తన పేరు వేసుకుని పుస్తకం అచ్చు వేయించారు. కలపడం ఎలా పడితే అలా ఉండకూడదని, తాడు కట్టి, స్కేలుతో కొలిచి, సరిగ్గా ప్రతి అయిదో మొక్కే మెతకది ఉండేలా నాటాలని అందులో రాశారు. రైతులు పుస్తకం పక్కన పెట్టి రెండు విత్తనాలూ గంపలో కలిపి చల్లుకున్నారు.

అత్తగారి పని నిలిచింది. అయితే ఒక మెమో వచ్చింది, నాలుగు వందల డెబ్బై మూడు కేళీలు వదిలినందుకు. ఇరవై రెండేళ్లలో మొదటిది. పక్క క్షేత్రపు మేస్త్రి దారిలో ఆపి, "ఏం వదినా, కళ్లు తగ్గాయటగా" అంది. ఆ మాట ఆవిడకు గుచ్చుకుంది. 

నన్ను విత్తనాల గోదాముకు వేశారు. కిటికీ లేని గది, బస్తాలు, ఎలుకలు, ఒక బల్బు. ఉత్తర్వు అందిన సాయంత్రం భోజనానికి కూర్చున్నాను. నాకు ముందే ఎందుకు చెప్పలేదని అత్తగారిని అడిగాను.

"చెబితే నీ మొహంలో కనబడిపోయేది. పెద్దసారు చూసింది కుప్పను కాదు అల్లుడూ, నీ మొహాన్ని." నా కంచంలో అడగకుండానే మళ్లీ అన్నం వడ్డించారు. "నిజం చెప్పనా? పెళ్లయిన కొత్తలో నిన్ను పీకేద్దామని చాలాసార్లు అనుకున్నాను."

"మరి వదిలేశారేం?"

"నువ్వొచ్చేదాకా నా కూతురి నోటికి నేను దొరికేదాన్ని. మీ మామయ్య దొరికేవాడు. నువ్వొచ్చావు, అన్నీ నీకే పోతున్నాయి. మేం ఇన్నేళ్లూ హాయిగా ఉన్నాం."

వంటింట్లోంచి నా భార్య గొంతు లేచింది. గోదాముకు వేస్తుంటే నోరు తెరవని మనిషి ఎక్కడైనా ఉంటాడా అని మొదలై, పద్నాలుగేళ్లు వెనక్కి వెళ్లి, అక్కడినుంచి వరసగా వస్తోంది. నేను తల వంచుకుని తింటున్నాను. అన్నం వేడిగా ఉంది.

అత్తగారు గరిటె కింద పెట్టారు. "చాల్లే ఆపవే" అన్నారు వంటింటివైపు తిరిగి. "ఇవాళ్టికి నన్ను తిట్టుకో."

నా భార్య గుమ్మంలోకి వచ్చి ఇద్దరినీ చూసింది. లోపలికి వెళ్లి నాకు పెరుగు తెచ్చింది.